పురిటి గదిలో మట్టి తొట్టి, అందులో సాలీడు

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక అబ్బాయి పెద్ద ఉత్తరం రాశాడు. పేరు, వీధి బయటపెట్టొద్దన్నాడు. వయసు పాతికలోపు. తాతగారి కాలంలో పార్వతీపురం వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ ఉంటారు. అక్కని విజయనగరం ఇచ్చారు. ఇతను ఊళ్లోనే ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు చూస్తాడు.

భువనేశ్వర్‌లో చదివే రోజుల్లో తెలిసినవాళ్ల ద్వారా గోరంత టరాంటులా పిల్లని, అంటే పెద్ద బొచ్చు సాలీడు పిల్లని కొన్నాడట. కోబాల్ట్ బ్లూ అనే జాతి అనీ, మయన్మార్, థాయ్‌లాండ్ వైపుదనీ అమ్మినవాడు చెప్పాడు. ఇప్పుడది కాళ్లు చాస్తే అరచెయ్యంత ఉంటుంది. గాజు తొట్టిలో అడుగు లోతున కొబ్బరి పొట్టు, మట్టి కలిపి పోస్తే అందులో కన్నం తవ్వుకుని ఉంటోంది. ఇంటికి తెచ్చిన కొత్తలో వాళ్లమ్మ ఒకసారి చూసి కేకలు పెట్టి, తెల్లారేసరికి ఇది ఇంట్లో ఉండకూడదంది. ఇచ్చేశానని ఇతను అబద్ధం చెప్పాడు. తొట్టి ఎందుకు ఉంచావంటే మొక్కలు వేస్తానన్నాడు. పగలు అది పైకి రాదు కాబట్టి అందరూ నమ్మారు. అలా ఏడాది పైనే గడిచింది.

ఇప్పుడు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. నెల దాటింది, సాలీడు కన్నం మూతికి మట్టి, దారం కలిపి మూసేసింది. అది ఉందో పోయిందో తెలియడం లేదు. అక్కకి ఏడో నెల. శ్రీమంతం చేసి మూడు వారాల్లో కాన్పుకి తీసుకొస్తున్నారు. తొట్టి ఉన్న గదికే గాలీ వెలుతురూ బాగా వస్తాయి కాబట్టి దాన్నే అక్కకి సిద్ధం చేస్తున్నారు. ఆ మట్టి పెరట్లో పారబోసి తొట్టి కడిగెయ్యమని అమ్మ రోజూ అంటోంది. మొన్న అతను డ్యూటీ నుంచి వచ్చేసరికి, ఖాళీగా ఎందుకని నానమ్మ మూత తీసి అందులో మెంతులు చల్లిందట. "వేళ్లతో మట్టి గుల్ల చేశాను, బాగా మొలుస్తాయిలే అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు" అని రాశాడు.

అడిగినవి ఇవీ: తవ్వి చూడొచ్చా? ఎవరికీ చెప్పకుండా నియమగిరి వైపు అడవిలో వదిలేస్తే సరిపోతుందా? అమ్మకి చెబితే మళ్లీ నన్ను నమ్ముతుందా?

బాబూ, వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వనే అంటాను. నీ ఉత్తరంలో సాలీడు గురించి మూడు పేజీలుంది. మెంతుల సంగతి నాలుగు వరుసల్లో ముగించావు. నాకు మాత్రం ఆ నాలుగు వరుసల దగ్గరే గుండె ఆగినంత పనైంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

నీ సాలీడు తనంతట తాను వచ్చి ఎవరినీ కరవదు. నేల తవ్వుకునే ఆసియా జాతులకి మనిషి కంటపడటమే ఇష్టం ఉండదు. కన్నం లోపలే కూర్చుని, మూతి దగ్గర పరిచిన దారం కదిలితే పురుగొచ్చిందని పట్టుకుంటాయి. నానమ్మ వేలు ఆ దారాన్ని కదిపితే అది పురుగో వేలో దానికి తెలియదు. ఇవి చాలా చురుకైనవి, బెదిరితే వెంటనే కాటేస్తాయి. అమెరికా ఖండాల టరాంటులాల్లా వెంట్రుకలు దులిపి భయపెట్టే ఏర్పాటు వీటికి లేదు, ఉన్నదల్లా కాటే. అది మామూలుగా ప్రాణం మీదికి రాదు కానీ నొప్పి తీవ్రంగా ఉంటుంది. వాపు వస్తుంది, కండరాలు పట్టేస్తాయి. ఒక్కొక్కరికి ఆ పట్టడం రోజుల తరబడి వచ్చిపోతూ ఉంటుంది. పాము కాటుకిచ్చే మందు దీనికి పనిచెయ్యదు. నీలాంటి కుర్రాడు ఓర్చుకుంటాడు. పెద్దావిడ, నిండు చూలాలు అయితే సంగతి వేరు.

అలాగని ఆవిడ అజాగ్రత్తగా ఉందా? అది మొక్కల మట్టి అని నువ్వే చెప్పావు. మొక్కల మట్టితో ఏం చెయ్యాలో అదే చేసింది. తొట్టిలో ఏముందో ఇంట్లో నలుగురికీ తెలిస్తే, మూతకి గట్టి బిగింపు ఉంటే, అది పదేళ్లు ఉన్నా ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. తెలియని ఇంట్లో మాత్రం అది ప్రతిరోజూ ప్రమాదమే. కాబట్టి సాలీడుని ఉంచుకోవాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఈ రోజే మూతకి క్లిప్పులు బిగించు. నానమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడకి చెప్పు. మెంతులు మొలిస్తే మొలవనీ, వాటి వేళ్ల వల్ల దానికి హాని లేదు. వాటికోసం నీళ్లు మాత్రం పొయ్యనివ్వకు. అడుగున నీరు నిలిస్తే కన్నం కూలిపోతుంది, బూజు పడుతుంది.

ఇక అది బతికుందా అన్న ప్రశ్న. బతికే ఉండొచ్చు. నేలలో ఉండే టరాంటులాలు కుబుసం విడిచే ముందు తిండి మానేసి కన్నం మూతి మూసుకుంటాయి. పెద్దవైతే వారాలే కాదు, రెండు మూడు నెలలు అలాగే ఉన్నా ఆశ్చర్యం లేదు. పాత చర్మం విడిచాక కొత్త ఒళ్లు మెత్తగా ఉంటుంది. కోరలు కూడా మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా ఉండి, గట్టిపడ్డాక నల్లబడతాయి. ఆ రోజుల్లో తవ్వితే కాలు విరగొచ్చు, పొట్ట చిట్లొచ్చు. పొట్ట చిట్లితే ఇక బతకదు. కుబుసం విడిచేటప్పుడు చాలా టరాంటులాలు వెల్లకిలా పడుకుంటాయి. అలా చూసి చచ్చిపోయిందనుకుని పారేసినవాళ్లున్నారు. కాబట్టి తవ్వొద్దు. కన్నం గాజు పక్కగా వెళ్లి ఉంటే రాత్రి ఎర్రటి సన్న వెలుతురుతో పక్కనుంచి చూడు. నిజంగా చనిపోతే కొన్నాళ్లకి కుళ్లిన వాసన వస్తుంది, మట్టి మీద సన్న ఈగలు తిరుగుతాయి. ఆ రెండూ లేకపోతే అది ఉందనే అనుకో. లోపల పురుగులేవీ వదలకు, ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడు చిన్న చిమ్మెట కూడా దాన్ని కొరికేస్తుంది. గుడ్లు పెట్టి ఇల్లంతా పిల్లలవుతాయేమోనన్న భయం వద్దు. గోరంత పిల్లప్పటి నుంచి ఒంటరిగా పెరిగింది, మగదాని పొత్తు లేదు.

నువ్వు అడగని ఇంకో సంగతి ఉంది. ఆడదైతే ఇవి పదిహేనేళ్ల పైనే బతుకుతాయి. మగదైతే పెద్దయ్యాక ఎక్కువ కాలం ఉండదు. కానీ ఎదిగిన మగది కన్నం వదిలి ఆడదాన్ని వెతుక్కుంటూ రాత్రుళ్లు తిరగడం మొదలుపెడుతుంది. ఇంతకాలం కనబడని సాలీడు ఒక రాత్రి మూత సందులోంచి దూరి నేల మీద నడవడం అంటే అదే. నీది ఏదో నీకింకా తెలియదు. ఈ కుబుసం బయటపడితే పారెయ్యకు. ఎండిపోతే నీళ్లలో మెత్తబరిచి పొట్ట భాగం లోపలి వైపు చూస్తే అనుభవం ఉన్నవాళ్లు ఆడో మగో చెప్పగలరు. మగదే అయితే కాన్పుకి వచ్చిన అక్క ఉన్న ఇంట్లో దాన్ని ఉంచే ఆలోచనే పెట్టుకోవద్దు.

అడవిలో వదిలెయ్యడం గురించి. ఈ ఒక్కదానికి మాత్రం నా దగ్గర రెండు వైపులా మాట లేదు. వద్దు. అది ఈ నేల జీవి కాదు. చాలావరకు చచ్చిపోతుంది. బతికితే దాంతో వచ్చిన రోగాలు, పురుగులు అక్కడి వాటికి అంటుకోవచ్చు. మన తూర్పు కనుమల్లోనూ నేలలో, చెట్టు తొర్రల్లో బతికే పెద్ద సాలీళ్లున్నాయి, వాటి తిండీ చోటూ వాటికే చాలీచాలకుండా ఉన్నాయి. పైగా నియమగిరి అంటున్నావు. 2013లో 12 ఊళ్ల గ్రామసభల్లో డొంగ్రియా కోంధు గిరిజనులు ఒక్క మాట మీద నిలబడి గని తవ్వకం వద్దని కాపాడుకున్న కొండ అది. మనింటి భారం దింపుకోవడానికి ఆ కొండ ఎక్కకు.

దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చే ముందు అదేమిటో సరిగ్గా తెలుసుకో. అమ్మేవాళ్లు చెప్పే పేర్లని నమ్మలేం. నీలంగా ఉందంటే నాకు ముందు మన గుత్తి సాలీడే గుర్తొచ్చింది. 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన దాన్ని చూసి దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఆ తర్వాత నూరేళ్లకి, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. అంతరించే ప్రమాదం అంచున ఉన్న ప్రాణి. కానీ అది చెట్టు తొర్రల్లో ఉంటుంది. నీది అడుగు లోతు తవ్వుకుని కూర్చుంది కాబట్టి అది కాదు. గుత్తి సాలీడు చేరిన పోసిలోథీరియా ప్రజాతి, మెక్సికో ఎర్రమోకాళ్ల సాలీడు చేరిన బ్రాకీపెల్మా ప్రజాతి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్నాయి. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక, ఆ జాబితాలో ఉన్న ప్రాణి ఇంట్లో ఉంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. నీ దాని పేరు ఆ జాబితాలో ఉందో లేదో మంచి ఫొటోలతో, కుబుసంతో తేల్చుకో. ఉంటే మీ జిల్లా అటవీ అధికారి ఆఫీసుకి నువ్వే వెళ్లి అడుగు. ముందుగా అడిగినవాడిగా వెళ్లడానికీ, ఎవరో ఫిర్యాదు చేశాక వెళ్లడానికీ చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు నీ ముందున్న దారులు చూద్దాం.

తొట్టిని ఇంట్లోనే ఇంకో చోటికి మార్చడం ఒకటి. కన్నం లోపల దారంతో గోడలు అల్లి ఉంటుంది కాబట్టి తొట్టిని ఒరగనివ్వకుండా, కుదుపు లేకుండా ఇద్దరు పట్టుకుని తీసుకెళ్తే నిలబడుతుంది. తడి మట్టి బరువు తక్కువేం కాదు, ఒక్కడివే ఎత్తకు. మేడ మీద రేకుల గది ఖాళీగా ఉందన్నావు. ఎండాకాలంలో ఆ రేకుల కింద అది ఉడికిపోతుంది, ఆ గది మర్చిపో. కింద సామాన్ల గది చీకటిగా, చల్లగా ఉంటే చాలు, దానికి వెలుతురు అక్కర్లేదు. కానీ ఈ దారిలో ఒక చిక్కుంది. మీది మలేరియా ప్రాంతం. కడుపుతో ఉన్న మనిషికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే. అక్క వచ్చాక మందు పూసిన దోమతెర కట్టాలి, కాయిల్సో లిక్విడ్ మెషినో పెట్టాలి, బిడ్డ పుట్టాక సాంబ్రాణి పొగ వేస్తారు. దోమల్ని చంపే ఆ మందులే సాలీళ్లనీ చంపుతాయి. "ఆ గదిలో కాయిల్ పెట్టకండి" అని నువ్వు ఒక్కసారి అన్నా నాకు కోపం వస్తుంది. తలుపు వేసి వేరుగా ఉంచగలిగే గది ఉంటేనే ఈ దారి. పొగ లోపలికి వెళ్లి అది పోతే పోతుందని ఒప్పుకునే ఈ దారి పట్టాలి.

కాన్పు అయ్యి, అక్క బిడ్డతో వెళ్లేదాకా వేరొకరింట్లో ఉంచడం రెండోది. సాలీళ్ల గురించి తెలిసిన స్నేహితుడు విశాఖలో ఉన్నాడని రాశావు. అతని దగ్గరికి పంపడానికి పార్సిల్, కొరియర్ మాటెత్తకు. ఇప్పుడున్న స్థితిలో తవ్వి డబ్బాలో పెట్టడమూ కుదరదు. కారులో తొట్టితో సహా తీసుకెళ్లాలి. ఖర్చవుతుంది, ఘాట్ మలుపుల్లో కుదుపులకి కన్నం కూలే అవకాశమూ ఉంది. అక్క రావడానికి మూడు వారాలుంది. ఈలోపు అది కన్నం మూతి తెరుచుకుని బయటికొచ్చి, కోరలు నల్లబడి, ఒక మేత తిన్నదంటే దాన్ని చిన్న డబ్బాలోకి మళ్లించి హాయిగా తీసుకెళ్లొచ్చు. తెరుచుకోకపోతే రాయగడలోనే, పిల్లలు లేని, అన్నీ తెలిసి ఒప్పుకున్న స్నేహితుడి గది ఒకటి చూసుకో. నాకు ఎక్కువ నచ్చిన దారి ఇదే. కానీ ఇది నీ జేబు మీద, స్నేహితుల మీద ఆధారపడ్డ దారి. వాళ్ల ఇంట్లో కూడా దాచిపెట్టి ఉంచేటట్టయితే మాత్రం మెంతుల కథ అక్కడ మళ్లీ మొదలవుతుంది.

పూర్తిగా ఇచ్చెయ్యడం మూడోది. ఆడదైతే ఇంకో పదేళ్ల పైమాట. రేపు నీకు పెళ్లవుతుంది, ఉద్యోగం మారొచ్చు. రాత్రి పదకొండుకి ఆ కన్నం మూతి దగ్గర నాలుగు కాళ్ల కొసలు కనబడితే రోజంతా పడ్డ అలసట పోతుందని రాశావు. ఆ మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. చేతిలోకి తీసుకోలేని, మన పేరు తెలియని, నెలల తరబడి కనబడను కూడా కనబడని ప్రాణి మీద అంత ఇష్టం పెంచుకోవడం అందరి వల్లా కాదు. కానీ నువ్వు దాన్ని చూసుకునే తీరికా చోటూ వచ్చే ఐదేళ్లలో ఉంటాయా అని ఒక రాత్రి కూర్చుని ఆలోచించుకో. ఉండవనిపిస్తే అనుభవం ఉన్నవాళ్లకి, డబ్బు తీసుకోకుండా, కుబుసం విడిచాక ఇవ్వు. ఇచ్చినందుకు బాధపడతావు, ఆ బాధ ఉంటుంది.

ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి తీసేసి, అసలేం జరగనట్టు ఉండటం నాలుగోది. నీ మనసులో ఉన్నది ఇదేనని ఉత్తరం చదువుతుంటే తెలుస్తూనే ఉంది. తొట్టి సురక్షితంగా బయటికి వెళ్తే ఈ దారిలో ఎవరికీ ప్రమాదం లేదు, అది ఒప్పుకుంటాను. కాకపోతే నానమ్మకి ఈ రోజే చెప్పమన్నాను కదా. ఆవిడ నోట ఈ మాట ఎన్నాళ్లు దాగుతుంది? పెద్దావిడ చేత కోడలి దగ్గర అబద్ధం ఆడించడం నాకు నచ్చడం లేదు, నీకూ నచ్చదనుకుంటాను.

అమ్మ గురించి. ఆవిడ భయమంతా సాలీడు ఎనిమిది కాళ్ల గురించే అనుకుంటున్నావు. నేను వేరేగా చదివాను. తొలి కాన్పు పుట్టింట్లో. బిడ్డ పుట్టి పదకొండో రోజు దాకా, ఆ తర్వాత కూడా ఏం జరిగినా ఆ మాట ఆవిడ మీదే పడుతుంది. విజయనగరం నుంచి వియ్యపురాలు వచ్చి చూసి, "పురిటి గదిలో విషప్పురుగుని పెట్టుకున్నారా" అంటే తల ఎత్తుకోలేని మనిషి ఆవిడ. అందుకే మట్టి పారబొయ్యమని రోజూ పోరుతోంది. నువ్వు సాలీడు మంచిదని, ఊరికే కరవదని వివరించడం మొదలుపెడితే ఆ మాటలేవీ ఆవిడ చెవికెక్కవు. ఏ రోజు, ఎవరింటికి, ఎలా తీసుకెళ్తున్నావో అన్నీ కుదుర్చుకుని అప్పుడు చెప్పు. "అమ్మా, ఇచ్చేశానని అబద్ధం చెప్పాను. ఆదివారం పొద్దున్న ఫలానా వాళ్లింటికి వెళ్లిపోతోంది. కావాలంటే నువ్వు దగ్గరుండి చూడు" అను. ఏడుస్తుంది, తిడుతుంది. రెండు రోజులు నీ కంచంలో అన్నం నువ్వే వడ్డించుకోవాల్సి రావొచ్చు. అంతకంటే పెద్ద శిక్ష ఉంటుందని నేననుకోవడం లేదు, మజ్జిగౌరమ్మకి మొక్కుకుని ఈ కాన్పు కోసం ఎదురుచూస్తున్న మనిషి ఇప్పుడు కొడుకుని దూరం చేసుకోదు. నమ్మకం మాత్రం వెంటనే రాదు. కొన్నాళ్లు నీ గదిలో ప్రతి డబ్బా తెరిచి చూస్తుంది. చూడనీ.

నాన్నతో ముందు చెప్పాలా అని అడిగావు. ఆయన మెత్తని మనిషి అన్నావు కాబట్టి తొట్టి మొయ్యడానికి రెండో మనిషిగా ఆయన్నే అడుగు. అమ్మకి చెప్పే పని మాత్రం ఆయన మీద వెయ్యకు.

అక్కకి నువ్వే ఫోన్ చెయ్యి, అమ్మకి చెప్పిన రోజే. ఆ గదిలో పడుకునేది, బిడ్డని పడుకోబెట్టేది అక్క. తొట్టి వెళ్లిపోయిందని చెప్పినా గది మొత్తం కడిగించమంటే కడిగించు, మంచం కింద, బీరువా వెనక టార్చి వేసి వీడియోలో చూపించమంటే చూపించు. సామాన్ల గదిలో ఉంచే దారే నువ్వు ఎంచుకుంటే దానికి అక్క ఒప్పుకోవాలి, మొహమాటంగా "సర్లే" అంటే అది ఒప్పుకోవడం కాదు. బావగారికి చెప్పాలా వద్దా అన్నది అక్క నిర్ణయించుకుంటుంది, ఆ విషయంలో ఆమె ఏమంటే అది. కాటు పడితే ఏం చెయ్యాలో మీ ఆశా కార్యకర్తకీ, అక్కని చూస్తున్న డాక్టరుకీ ముందే ఒక మాట చెప్పి ఉంచడం కూడా ఇంట్లో ఉంచే దారిలో భాగమే.